గోడవార డ్రమ్ము

కలకత్తా సాల్ట్ లేక్‌లో మా బ్లాకులో భానుమూర్తి గారి గురించి ఒక మాట తిరిగేది. పక్కింటి అభిజిత్ బాబు వంటింట్లోంచి రోజూ చేపలు వేయించిన వాసన వస్తుందట. ముక్క ముట్టని భానుమూర్తి గారు అది ఓర్చుకోలేక, తన కుక్క పెంటనంతా పోగుచేసి, సరిగ్గా ఆ వంటింటి కిటికీ కింద గోడవార పాతిపెడుతున్నారట. నువ్వు ఇలిష్ చేప వేయించు, నేను దీన్ని మురగబెడతాను అన్నది ఆయన పంతమట.

ఈ మాటను ఎక్కువగా మోసింది లక్ష్మీసౌజన్య గారు. ఆవిడ భర్తకు సెక్టర్ ఫైవ్‌లో ఉద్యోగం. ఆవిడకు మా వీధిలోని ప్రతి ఇల్లూ ఉద్యోగమే. "అంకుల్ అలాంటివారు కాదని నేనెంత చెప్పినా ఎవ్వరూ నమ్మట్లేదండీ" అని, అసలు సంగతే వినని ఇళ్ళకు కూడా వెళ్ళి చెప్పి వచ్చేవారు.

నమ్మడానికి ఎవరూ పెద్దగా కష్టపడలేదు. భానుమూర్తి గారు అటువంటి పని చేయగల మనిషిలాగే కనిపిస్తారు. ఆయన మా అరుంధతి పిన్ని భర్త. చదువు ఆగిపోయాక పిన్ని నన్ను తన దగ్గరకు తెచ్చుకుంది కనుక బాబాయిని దగ్గర నుంచి చూసే భాగ్యం నాకు కలిగింది. ఆ ఇంట్లో మాట్లాడడం ఆయన పని. వినడం మిగతావాళ్ళ పని. వినేవాళ్ళకు కళ్ళు కూడా ఉంటాయని ఆయనకు ఎప్పుడూ తోచలేదు.

బాబాయిది పార్వతీపురం వైపు. బ్యాంకు ఆయనను కలకత్తా పంపింది, పదవీ విరమణ అయ్యాక వెనక్కి పిలవడం మరిచిపోయింది. బ్యాంకులో ఆయన చేసిన ఘనకార్యం ఏమిటో ఎవరికీ గుర్తు లేదు. ఇక్కడి తెలుగువాళ్ళలో ఆయనకున్న పేరంతా ముక్కు వల్ల వచ్చింది.

దేవుడికి నివేదన చేసే వంటను ముందుగా రుచి చూడకూడదు. పులిహోరలో ఏది తగ్గిందో, పరమాన్నంలో ఏది మించిందో హారతి ఇచ్చి, విస్తళ్ళు వేశాక గానీ తెలియదు. ఊరంతా భోజనానికి కూర్చునే చోట ఇది పెద్ద చిక్కు. ఆ చిక్కుకు విరుగుడుగా మావాళ్ళకు బాబాయి దొరికారు. ఏ ఇంట్లో పూజ అయినా ఆయన వంటింటి గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. కళ్ళు మూసుకుని గాలి పీల్చేవారు. "ఇంగువ చాలలేదు" అనేవారు. "ఏలకులు పాతవి" అనేవారు. తిన్నాక చూస్తే అక్షరాలా అంతే అయ్యేదట. వాసన చూసినా ఎంగిలే కదా నాయనా అని ఒక పెద్దావిడ అడిగితే, "నేను గిన్నెలో మూతి పెట్టేనేటి? గాలి దానంతటది వచ్చి ముక్కులో దూరితే అది దేవుడి దయ" అన్నారట. ఆ రోజు నుంచి అదే శాస్త్రం. ఇంతమంది చదువుకున్నవాళ్ళు ఒక ముక్కు ముందు చేతులు కట్టుకుని నిలబడడం చూస్తే నవ్వొచ్చేది.

ఈ మధ్య కొన్నేళ్ళుగా మాత్రం ఆయన తప్పులు పట్టడం మానేశారు. ఏ వంటకైనా ఒకటే మాట, "దివ్యం." వయసుతో పాటు మంచితనం వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు. వయసుతో ఎవరికైనా మంచితనం రావడం నేనింతవరకు చూడలేదు.

ఇక కాలూ. ఈ ఊళ్ళో నల్ల కుక్కలన్నిటికీ అదే పేరు. లాక్‌డౌన్‌లో బాబాయికి జ్వరం వచ్చి, తోటలోని బయటి గదిలో ఒంటరిగా ఉండాల్సి వచ్చిన రోజుల్లో అది వచ్చిందని పిన్ని చెప్పింది. పిన్ని గుమ్మం ముందు కంచం పెట్టి, వెనక్కి చూడకుండా మెట్లెక్కేసేది. వీధిలో తిరిగే ఈ కుక్కపిల్ల గేటు సందులోంచి దూరి ఆ గుమ్మంలో పడుకునేది. కంచంలో సగం దానిది. జ్వరం తగ్గి బాబాయి మేడ మీదకు వచ్చిన రోజు అది కూడా వెనకాలే వచ్చింది. ఆయన మాట్లాడుతుంటే లేచి వెళ్ళిపోని ప్రాణి ఇంట్లో అదొక్కటే. ప్రేమకు అంతకంటే కారణం అక్కర్లేదు.

మొదట్లో కాలూని పొద్దున్నే వీధిలోకి తీసుకువెళ్ళేవారు. అది ఎవరి గేటు ముందు కూర్చుంటే వాళ్ళ అదృష్టం. బ్లాక్ కమిటీవాళ్ళు ఇంటికి వచ్చి గట్టిగా చెప్పాక ఆ వ్యవహారం మా తోటలోకి మారింది. "కాగితంలో తీసి పాయిఖానాలో పారేసి నీళ్ళు కొట్టండి, అంతే కదా" అంది పిన్ని. అంత తేలికగా అయిపోయే పని బాబాయి చేస్తారా? ఫోన్‌లో ఏవో వీడియోలు చూశారు. ఒక ప్లాస్టిక్ డ్రమ్ము తెప్పించి, అడుగు కోయించి, పక్కలకు చిల్లులు పొడిపించి, అభిజిత్ బాబు గోడవార మెడ దాకా పాతించారు. పైన మూత, మూత మీద ఇటుక. రోజూ కాలూ చేసినది పారతో తీసి అందులో వెయ్యడం, పైన చెంబెడు నీళ్ళు, చిటికెడు కుళ్ళబెట్టే పొడి.

"భూమి తాగేస్తాది. మిగిలింది ఎరువు. మందారాలు చూడు, ఎలా పూస్తాయో" అన్నారు.

"ఏటండీ ఇది, దేవుడికి పూలు కోసే చోట?" అంది పిన్ని.

"ఇది విజ్ఞానం, అరుంధతీ. ఆవు పేడతో ముగ్గుకి అలుకుతావు కదా. దానికీ దీనికీ తేడా ఏటి?"

"ఆవు గడ్డి తింటాది. మీ కాలూ నిన్న పక్కింటి చేప ముల్లు తిన్నాది."

పిన్నికి చెప్పి లాభం లేదని ఆయనకు తేలిపోయింది. అందుకే ఇంటికి వచ్చినవాళ్ళకు చెప్పడం మొదలుపెట్టారు. కాఫీ ఇవ్వకముందే తోటలోకి తీసుకువెళ్ళి, ఇటుక తీసి, మూత తెరిచి చూపించేవారు. ఆ తరువాత కాఫీ ఎవరూ పూర్తిగా తాగేవారు కాదు. కాఫీ పొడి బాగులేదేమోనని ఆయన పిన్నిని కోప్పడేవారు.

సాల్ట్ లేక్ ఒకప్పుడు చిత్తడినేల. మట్టి పోసి మెరక చేసి ఊరు కట్టారు. మోకాలి లోతు తవ్వితే నీళ్ళు ఊరతాయని ఇక్కడి పసిపిల్లలకు కూడా తెలుసు. డ్రమ్ము పాతేటప్పుడే అభిజిత్ బాబు గోడ మీంచి చెప్పారు. ఇంకొకరు చెబితే ఏ సంగతీ తెలియకపోవడం బాబాయికి పుట్టుకతో వచ్చిన గుణం. వానలు పడ్డాయి. భూమి తాగడం మానేసి కక్కడం మొదలుపెట్టింది. మూత కింద నుంచి బుడగలు వచ్చేవి. కంపు మేడ మీద దేవుడి గది దాకా వచ్చేది.

ఒకరోజు పొద్దున్న అభిజిత్ బాబు ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో ముక్కు మీద రుమాలు పట్టుకుని గేటు దగ్గరకు వచ్చారు.

"భానుదా, ఆ డ్రమ్ములోకి వాన నీళ్ళు ఊరుతున్నాయి. మేం వంటింటి కిటికీ తెరవలేకపోతున్నాం. తీయించేయండి, మోశాయ్" అన్నారు బెంగాలీలో, మర్యాదగానే.

బాబాయి తల ఎత్తి, కళ్ళు మూసుకుని, వంటింటి గుమ్మంలో నిలబడినట్టే నిలబడి గాలి పీల్చారు. "ఏ వాసనా లేదు" అన్నారు. "నాకు రాని వాసన మీకెలా వచ్చింది, దాదా?"

"రుమాలు సరదాకి పెట్టుకున్నానంటారా?"

"మీ ఇంటి చేపల వాసన రోజూ మేం భరించట్లేదా? ఏనాడైనా వచ్చి మీ గేటు కొట్టేమా?"

ఆ మాట గట్టిగానే అన్నారు. లక్ష్మీసౌజన్య గారు కూరల సంచితో అప్పుడే గేటు ముందు నుంచి వెళ్తున్నారు. మరి ఆవిడ సంచిలోకి ఇంకేం కావాలి?

ఆ మధ్యాహ్నమే పిన్ని తేల్చి చెప్పేసింది. ఏటా వినాయక చవితికి చుట్టుపక్కల తెలుగువాళ్ళందరూ మా ఇంటికే వస్తారు. తోటలో వానకు అడ్డంగా త్రిపాల్ కట్టి భోజనాలు పెడతాం. "చవితి నాటికి ఈ కంపు పోవాలి. పోలేదా, కాలూ కోదండం గోడౌన్‌కి పోతాది. కుక్క ఉన్నన్నాళ్ళూ మీరీ ప్రయోగాలు మానరు" అంది.

కోదండం మావయ్య పిన్నికి తమ్ముడు. వాట్‌గంజ్‌లో రేవు పక్కన ఆయనకు గోడౌన్ ఉంది. కాపలాకు ఒక కుక్క కావాలని ఎప్పటి నుంచో అంటున్నాడు. ఫోన్‌లోనే ఉత్సాహపడిపోయాడు. "గొలుసేసి ఉంచుతాను, రెండు పూటలా అన్నం పెడతాను. ఇంకేటి కావాలప్పా కుక్కకి?"

బాబాయి ఆ మాట విని కాలూ వైపు చూశారు. అది తోక ఆడించింది. దానికి గొలుసు ఎలా ఉంటుందో తెలియదు.

డ్రమ్ము తీసేస్తే ఒక పూటలో అయిపోయేది. తీసేస్తే అభిజిత్ బాబు చెప్పింది నిజమని ఒప్పుకున్నట్టు. కాబట్టి తీయలేదు. సున్నం పోశారు. వేపాకు కప్పారు. కర్పూరం బిళ్ళలు వేశారు. బురదలో డ్రమ్ము చుట్టూ అగరొత్తులు గుచ్చి వెలిగించి, ఎవరిదో సమాధికి పూజ చేస్తున్నట్టు దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవారు. నేను పూలు కోయడానికి వెళ్తే పిలిచేవారు.

"పాపా, ఇలా రా. ఏటైనా వస్తందా?"

"వస్తంది, బాబాయి."

"ఎంత?"

"చాలా."

ఆయన నా మొహం చూసేవారు, ముక్కుకు అడ్డం పెట్టుకున్న నా చున్నీ చూసేవారు. "ఊఁ. నాకూ కొంచెం వస్తంది" అనేవారు.

పండగ ముందు నాలుగు రోజులు ఎండ కాసింది. సున్నం పనిచేసిందో ఏమో కంపు కొంత తగ్గింది. చవితి ముందురోజు సాయంత్రం నేను పత్రి బుట్ట రెండు చేతులా పట్టుకుని తోటలోంచి వస్తున్నాను. చున్నీ భుజం మీదే ఉంది. బాబాయి నన్ను చూశారు, నా చున్నీని చూశారు, ఒక్క గంతులో మెట్లెక్కి వెళ్ళారు. "అరుంధతీ! పోయింది. పూర్తిగా పోయింది. కుర్చీలు అక్కడే వేయించు!"

"నాకింకా వస్తన్నట్టే ఉంది."

"ఇన్నాళ్ళూ పీల్చేవు కదా, నీ ముక్కులో ఉండిపోయింది. నా ముక్కు కంటే నీ ముక్కు గొప్పదేటి?"

ఆ మాటకు ఊళ్ళో ఎదురు చెప్పేవాళ్ళు లేరు. పిన్ని కూడా చెప్పలేదు. త్రిపాల్ కట్టించారు. కుర్చీలు డ్రమ్ము దాకా వేయించారు.

చవితి నాడు తెల్లారేసరికి మబ్బు కమ్మి ఉంది. వంటింట్లో నేను ఉండ్రాళ్ళు చేస్తున్నాను. పిన్ని పరమాన్నం పొయ్యి మీద పెట్టి, త్రిపాల్ తాళ్ళు గట్టిగా కట్టించడానికి కిందకు వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి పాలు అడుగంటాయి. మాడు వాసనకు నాకు కళ్ళు మండాయి. పిన్ని గరిటెతో కలుపుతూ, మళ్ళీ పెట్టడానికి పాలున్నాయా లేవా అని ఆలోచిస్తోంది. అప్పుడు బాబాయి పట్టుపంచె కట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. చేతులు వెనక్కి కట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు.

"దివ్యం" అన్నారు.

పిన్ని చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏటండీ?"

"దివ్యం అన్నాను కదా. ఏలకుల ఘాటు అదిరింది."

ఏలకుల డబ్బా మూత ఇంకా తీయలేదు. పిన్ని డబ్బా వైపు చూసింది, ఆయన వైపు చూసింది. గిన్నె మీద మూత పెట్టేసింది.

పూజ అయింది, కథ చదివారు, అక్షింతలు వేసుకున్నారు. విస్తళ్ళ ముందు కూర్చున్నాక ముందు లక్ష్మీసౌజన్య గారు పరమాన్నం నాలుక మీద పెట్టుకుని ఆగిపోయారు. తరువాత ఒక్కొక్కరే ఆగిపోయారు. బాబాయి దివ్యం అన్నాక బాగులేదని ఎవరంటారు? కోదండం మావయ్యకు అటువంటి మొహమాటాలు లేవు.

"బావా, ముక్కుకి సెలవిచ్చేసేరేటి? బొగ్గులు నమిలినట్టుంది."

అందరూ నవ్వారు. ఎన్నాళ్ళ నుంచో నవ్వాలని ఉన్నవాళ్ళు ఇంకొంచెం ఎక్కువ నవ్వారు.

"అది నెయ్యి కమ్మదనంరా, నీకేటి తెలుసు" అన్నారు బాబాయి.

అప్పుడే వాన మొదలైంది. ఈ ఊరి వాన చినుకులతో మొదలవదు, కుండతో మొదలవుతుంది. చూస్తూండగానే తోటలో నీళ్ళు నిలిచాయి. నీళ్ళతో పాటు, మూత కింద చిక్కిన గాలికి భూమిలోని డ్రమ్ము మెల్లగా పైకి లేచింది. పాతిన వస్తువు అలా తేలి రావడం ఎవరూ చూసి ఉండరు. ఇటుక జారింది, మూత ఊడింది, డ్రమ్ము భోజనాల వైపుకే ఒరిగింది. ఇక చెప్పేదేముంది? పట్టుచీరలన్నీ కుర్చీలెక్కాయి. విస్తళ్ళు తేలాయి. గోడ అవతల కిటికీలోంచి అభిజిత్ బాబు బెంగాలీలో "చెప్పానా, లేదా!" అని అరిచారు. ఆయన గొంతులో ఆనందమే ఎక్కువగా వినిపించింది.

అందరూ ముక్కులు మూసుకుని గేటు వైపు పరిగెడుతుంటే బాబాయి ఒక్కరే విస్తరి చేత్తో ఎత్తి పట్టుకుని, పాదాలు ఆ నీళ్ళలో మునిగి ఉండగానే, పులిహోర తింటూ నిలబడ్డారు. "వాన నీళ్ళే. కంగారు పడకండి, కూర్చోండి" అంటున్నారు.

"చూశారా పంతం?" అన్నారు లక్ష్మీసౌజన్య గారు. "చేపల వాసన మీద కోపంతో మనిషి ఎంతకు దిగాడో!"

పిన్ని మెట్ల మీద నిలబడి ఇదంతా చూసింది. "కోదండం, కుక్కని తీసుకెళ్ళు" అంది.

మావయ్య వాన్‌లో గొలుసు సిద్ధంగానే ఉంది. మెడకు వేస్తుంటే కాలూ అది ఆట అనుకుని ముందు ఎగిరింది. లాగేసరికి నేల మీద కూలబడింది. బాబాయి నోరు తెరిచారు, మాట రాలేదు. మాట రాకపోవడం నేనెరిగినంతలో అదే మొదటిసారి. విస్తరి పడేసి, బురద కాళ్ళతో వంటింట్లోకి వచ్చి నిలబడ్డారు. ఎందుకు వచ్చారో ఆయనకే తెలిసినట్టు లేదు. పిన్ని వెనకాలే వచ్చింది. నేను వానకు పైకి వచ్చేసి, కిటికీలోంచి ఇదంతా చూస్తూ, గిన్నెలు తోముతూ మూలనే ఉన్నాను. నేనున్నట్టు ఇద్దరికీ గుర్తు లేదు.

"కళ్ళు మూసుకోండి" అంది పిన్ని.

"ఎందుకు?"

"మూసుకోండి, చెప్తాను."

ఆయన మూసుకున్నారు. పిన్ని ఇంగువ డబ్బా మూత తీసి ఆయన ముక్కు కింద పెట్టింది. మూలనున్న నాకే గుప్పుమంది. "ఇదేటి?"

బాబాయి దీర్ఘంగా పీల్చారు. "ఏలకులు" అన్నారు.

పిన్ని డబ్బా పక్కన పెట్టేసి, కడిగిన అరచెయ్యి ఒక్కటే ఆయన ముక్కు దగ్గర పెట్టింది. "ఇదో?"

ఈసారి ఇంకా ఎక్కువసేపు పీల్చారు. "కర్పూరం."

పిన్ని చెయ్యి దించేసింది. "ఎప్పట్నించండీ?"

ఆయన కళ్ళు తెరవలేదు. "ఎవరికీ చెప్పకు" అన్నారు. తరువాత, "కోదండాన్ని ఆగమను" అన్నారు.

పిన్ని గేటు దగ్గరకు వెళ్ళింది. "తమ్ముడూ, గొలుసు విప్పీ."

"ఏటప్పా, నువ్వే కదా ఇప్పుడు..."

"విప్పీమన్నాను కదా. నీ గోడౌన్‌కి ఇంకో కుక్కని చూసుకో."

మొగుడంటే అంత భయం పనికిరాదని లక్ష్మీసౌజన్య గారు ఆ సాయంత్రమే నాలుగిళ్ళలో బాధపడ్డారు. డ్రమ్మును మర్నాడు తవ్వి తీయించేశాం. ఇప్పుడు పొద్దున్నే బాబాయి రేకు చేటతో కాగితం మీదకు తీసి, బయటి గదిని ఆనుకున్న పాయిఖానాలో పారేసి నీళ్ళు కొడతారు. ఇంట్లో ఆ పనికి ఆయనంత తగినవారు లేరు. ముక్కు మూసుకోరు, మొహం తిప్పుకోరు. అది కూడా తాను కనిపెట్టిన పద్ధతే అన్నట్టు వచ్చినవాళ్ళకు చెబుతారు.

పూజలున్న ఇళ్ళలో ఇప్పటికీ వంటింటి గుమ్మంలో నిలబడుతున్నారు. పక్కన పిన్ని ఉంటుంది. పిన్ని ఊరుకుంటే "దివ్యం" అంటారు. పిన్ని దగ్గితే "ఏదో తక్కువైంది" అంటారు. వయసుతో కాస్త కాఠిన్యం వచ్చిందని ఇప్పుడు చెప్పుకుంటున్నారు.

చేపల పగ కథ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. ఈ మధ్య లక్ష్మీసౌజన్య గారు అందులోకి విషం పెట్టడం కూడా చేర్చారు. అభిజిత్ బాబు వంటింట్లో ఇప్పటికీ రోజూ చేపలు వేగుతాయి. లాక్‌డౌన్ నాటి జ్వరం తగ్గినప్పటి నుంచి బాబాయికి ఆ వాసన రాదు. ఏ వాసనా రాదు.